డిస్నీ అధిపతి నాయకత్వం: ఎవరి తూకంలో ఎంత?

(కార్యకర్తల శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో నాకిచ్చిన అంశం 'నాయకత్వం'. నిజం చెప్పాలంటే ఈ మాటంటే నాకు కొంచెం బెరుకు. ఒకప్పుడు మన సంఘాల్లో ఈ మాట ఇంతగా వినిపించేది కాదు. బాధ్యత అనేవాళ్ళం, ఎవరు ముందుంటారు అనేవాళ్ళం. ఇప్పుడు నిధులిచ్చే ప్రతి సంస్థా నాయకత్వ శిక్షణ అంటోంది. పోయిన ఏడాది అలాంటి శిక్షణకొకదానికి నేనూ వెళ్ళాను. అక్కడ మా అందరి చేతుల్లో ఒక కాగితం పెట్టారు. గొప్ప నాయకుడికి ఉండవలసిన పది లక్షణాలు. ఆశావాదం, ధైర్యం, ఏకాగ్రత, నిర్ణయశక్తి, కుతూహలం, న్యాయబుద్ధి, ఇలా సాగింది. కింద చిన్న అక్షరాల్లో రాబర్ట్ ఐగర్ అని పేరుంది.

నా పక్కన పొదుపు సంఘాలతో పనిచేసే ఒక కార్యకర్త కూర్చుంది. "ఈయనెవరు మేడమ్?" అంది. మిక్కీమౌస్ కంపెనీకి పెద్ద అని చెప్పాను. ఆవిడ కాగితాన్ని ఇంకోసారి చూసి, "మరి ఆయన దగ్గర పనిచేసేవాళ్ళు ఆయన గురించి ఏమంటారు?" అని అడిగింది.

శిక్షణ ఇస్తున్న ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. సమాజశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, ఆడవాళ్ళ శ్రమ గురించి ఇన్నేళ్ళుగా రాస్తూ కూడా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఇంటికి వచ్చి వెతకడం మొదలుపెట్టాను. ఈ రోజు చెప్పబోయేది ఆ వెతుకులాటలో తేలిన సంగతులే.

ముందు ఆయన వైపు నుంచి చెప్తాను. డిస్నీ కంపెనీకి ఐగర్ 2005లో అధిపతి అయ్యాడు. అంతకు ముందు ఇరవయ్యొక్క ఏళ్ళు ఆ కుర్చీలో ఉన్న మైకేల్ ఐస్నర్ మీద 2004లో వాటాదారులే తిరగబడ్డారు. 43 శాతం ఓట్లు ఆయనకు పడలేదు. అలాంటి ఇంట్లో అడుగుపెట్టిన ఐగర్ 2006లో పిక్సార్‌ను 740 కోట్ల డాలర్లకు, 2009లో మార్వెల్‌ను 400 కోట్లకు, 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను 405 కోట్లకు కొన్నాడు. 2016లో షాంఘైలో కొత్త డిస్నీలాండ్ తెరిచాడు. 2019లో 7,130 కోట్ల డాలర్లు పోసి ఫాక్స్ ఆస్తుల్లో ఎక్కువ భాగం తీసుకున్నాడు. వ్యాపార పత్రికలు ఈ పట్టికనే ఆయన నాయకత్వానికి కొలమానంగా పెట్టుకున్నాయి. 2019లో వచ్చిన ఆయన ఆత్మకథ ఎన్నో దేశాల్లో శిక్షణా తరగతులకు పాఠ్యపుస్తకమైంది. మన చేతికి వచ్చిన పది లక్షణాలూ అందులోవే.

ఆ పుస్తకాన్ని నేను చదివాను. అది 2016 జూన్ రోజులతో మొదలవుతుంది. షాంఘై పార్కు ప్రారంభానికి ఆయన అక్కడున్నప్పుడు, ఫ్లోరిడాలోని డిస్నీ హోటల్ దగ్గర నీళ్ళ ఒడ్డున ఒక పసివాణ్ణి మొసలి లాక్కుపోయింది. ఆ తల్లిదండ్రులతో తాను ఫోనులో ఎలా మాట్లాడిందీ, ఎంత కదిలిపోయిందీ రాశాడు. అది నటన అని నాకనిపించలేదు. మనిషి దుర్మార్గుడు అని చెప్పడానికి నేనిక్కడికి రాలేదు. ఆయన మంచివాడా కాదా అన్నది మన ప్రశ్న కూడా కాదు. తన పది లక్షణాల్లో న్యాయబుద్ధిని ఆయనే చేర్చాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని కింద నుంచి పైకి చూస్తే ఏం కనబడుతుందన్నదే ప్రశ్న.

కింద అంటే ఏమిటో చెప్పాలి. డిస్నీలాండ్ 1955లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో మొదలైంది. అక్కడ పనివాళ్ళను పనివాళ్ళనరు, 'నటవర్గం' అంటారు. వచ్చేవాళ్ళు 'అతిథులు'. యూనిఫారం 'వేషం'. జనం మధ్య నిలబడే చోటు 'రంగస్థలం'. ఊడ్చే మనిషి కూడా రంగస్థలం మీదున్నట్టే లెక్క. కాబట్టి ఊడ్చినంతసేపూ నవ్వుతూ ఉండాలి. విమానాల్లో పనిచేసే స్త్రీల మీద ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో రాసిన పుస్తకం మనలో చాలామందికి తెలిసిందే. మనసులోని భావాన్ని అదుపులో పెట్టి ఎదుటివాడికి కావలసిన భావాన్ని మొహం మీద చూపించడం కూడా శ్రమేననీ, అది ఎక్కువగా ఆడవాళ్ళ నెత్తిన పడుతుందనీ ఆమె చెప్పింది. ఆ తర్వాత జాన్ వాన్ మానెన్ అనే పరిశోధకుడు డిస్నీలాండ్‌ను ఏకంగా నవ్వుల కర్మాగారమన్నాడు. మన ఊళ్ళలో పెద్ద బట్టల దుకాణాలు చూడండి. పొద్దుటినుంచి నిలబడి, వందో చీర మడత విప్పుతూ, కొనకుండా వెళ్ళేవాళ్ళకు కూడా నవ్వుతూ 'మళ్ళీ రండి మేడమ్' అనే ఆడపిల్లలకు ఈ శ్రమ గురించి మనం పాఠం చెప్పనక్కర్లేదు.

ఒక సంగతి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను. ఫ్లోరిడా పార్కులో మిక్కీ, మిన్నీ లాంటి బొమ్మల వేషాలు వేసేవాళ్ళకు, ఆ వేషం లోపల వేసుకునే లోదుస్తులు కూడా కంపెనీవే. రోజు పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. మర్నాడు అవి ఇంకెవరి ఒంటి మీదికో వెళ్ళేవి. సరిగ్గా ఉతకక, గజ్జీ, పేలూ అంటుకుంటున్నాయని పనివాళ్ళు మొత్తుకున్నారు. ఎవరి లోదుస్తులు వాళ్ళకే ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కోనిచ్చే హక్కు 2001లో యూనియన్ బేరమాడితే గాని రాలేదు. అది ఐస్నర్ కాలం. ఒంటికి తగిలే గుడ్డ కోసం ఒప్పందం రాసుకోవలసి వచ్చిన ఆ కంపెనీ అదే రోజుల్లో లోకానికి సంతోషాన్ని అమ్ముతోంది.

ఇక ఐగర్ కాలానికి వద్దాం. 2018లో అనాహైమ్ పార్కులో పనిచేసేవాళ్ళ బతుకుల మీద ఒక సర్వే వచ్చింది. చేయించింది యూనియన్లే, ఆ మాట దాచక్కర్లేదు. చేసింది మాత్రం ఆక్సిడెంటల్ కాలేజీ పరిశోధకులూ, మరో పరిశోధనా సంస్థా. సుమారు 5,000 మంది జవాబులిచ్చారు. వచ్చే జీతం ప్రతి నెలా కనీస ఖర్చులకు చాలడం లేదని నలుగురిలో దాదాపు ముగ్గురు చెప్పారు. అంతకు ముందు రెండేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు తలదాచుకోను ఇల్లు లేకుండా గడిపామని చెప్పినవాళ్ళు పదిమందిలో ఒకరు. పగలు రాజకుమారి కోట ముందు నవ్వి, రాత్రి కారులో పడుకోవడమన్నమాట.

అదే 2018లో ఐగర్‌కు కంపెనీ ఇచ్చిన ప్రతిఫలం 6 కోట్ల 56 లక్షల డాలర్లు. ఆ కంపెనీ పనివాళ్ళందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడే మనిషి సంపాదన 46,127 డాలర్లు. అంటే 1,424 రెట్లు. ఈ లెక్క యూనియన్ వేసింది కాదు. అమెరికా చట్టం అడుగుతుంది కాబట్టి కంపెనీయే తన కాగితాల్లో రాసి ప్రకటించింది. నా బుర్రకు ఇంత పెద్ద నిష్పత్తి ఎక్కదు, అందుకని ఇలా లెక్క వేసుకున్నాను: ఆయన ఆ ఒక్క ఏడాదిలో సంపాదించింది ఆ మధ్య మనిషి సంపాదించాలంటే, ఇక్కడ విష్ణుకుండినులు రాజ్యమేలుతున్న రోజుల్లో పనిలో చేరి, ఒక్క ఏడాదీ మానకుండా 2018 దాకా పనిచెయ్యాలి. అదీ తినకుండా.

ఆ ఏడాది మార్చిలో వాటాదారుల్లో 52 శాతం ఆయన ప్రతిఫలానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఓటు సలహా మాత్రమే, కట్టుబడి ఉండనక్కర్లేదు. 2019లో ఆ కుటుంబపు ఆడపడుచే, డిస్నీ స్థాపకుల్లో ఒకరైన రాయ్ డిస్నీ మనవరాలు ఆబిగెయిల్ డిస్నీ, ఈ నిష్పత్తిని మతిలేని పనిగా బహిరంగంగా తప్పుపట్టింది. అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్ళి చెప్పింది. 2022లో దీని మీద డాక్యుమెంటరీ కూడా తీసింది. కంపెనీ ఇచ్చిన జవాబు కూడా వినాలి. ఆయన ప్రతిఫలంలో చాలా భాగం కంపెనీ బాగా నడిస్తేనే వస్తుందంది. గంటల లెక్కన పనిచేసేవాళ్ళకు కాలేజీ ఫీజు కట్టే పథకం 2018లో పెట్టామంది. నిజమే, పెట్టారు. ఎంతోమంది ఆడవాళ్ళు ఆగిపోయిన చదువు మళ్ళీ అందుకోవడానికి పనికొచ్చే పథకమే. కానీ అద్దె కట్టలేని మనిషికి కాలేజీ ఫీజు కట్టి, ఇది నా ఔదార్యం అనడానికీ, జీతం పెంచి ఇది నీ హక్కు అనడానికీ మధ్య ఉన్న దూరం గురించే కదా మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నాం.

జీతం మాట ఎలా నడిచిందో చూడండి. 2018 నవంబరులో అనాహైమ్ పౌరులు ఓటేసి ఒక స్థానిక చట్టం తెచ్చుకున్నారు. నగరం నుంచి పన్ను రాయితీ పొందే హోటళ్ళు, వినోద సంస్థలు 2019 నుంచి గంటకు 15 డాలర్లు ఇవ్వాలి, 2022కల్లా అది 18కి చేరాలి. ఓటింగుకు కొన్ని నెలల ముందే డిస్నీ తనకున్న రెండు రాయితీ ఒప్పందాలను రద్దు చెయ్యమని నగరాన్ని కోరింది. రాయితీలే లేవు కాబట్టి ఈ చట్టం మాకు వర్తించదని తర్వాత వాదించింది. పనివాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2021లో ఓడిపోయారు. 2023 జూలైలో పై కోర్టులో గెలిచారు. 1996లో పార్కు విస్తరణ కోసం నగరం చేసిన ఏర్పాటు కూడా రాయితీయేనని ఆ కోర్టు అంది. రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. చివరికి 2024 డిసెంబరులో 23 కోట్ల 30 లక్షల డాలర్ల రాజీ కుదిరింది, 51,000 మందికి పైగా పనివాళ్ళకు. గెలుపే, కాదనను. కానీ 2019లో అద్దెకు చాలని డబ్బు 2024 తర్వాత చేతికొస్తే, మధ్యలో ఖాళీ చేసిన ఇల్లు తిరిగి రాదు. నిర్ణయశక్తి అనే లక్షణం ఉందే, అది ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదా అని నాకనిపిస్తుంది.

ఆడవాళ్ళ జీతాల కేసు ఇంకొకటుంది. 2019 ఏప్రిల్‌లో ఇద్దరు ఉద్యోగినులు, ఒకే పనికి మగవాళ్ళకంటే తక్కువ ఇస్తున్నారంటూ కోర్టుకు వెళ్ళారు. కంపెనీ మొదటినుంచీ కాదంటూనే వచ్చింది. 2023 డిసెంబరులో కోర్టు దీన్ని వేల మంది స్త్రీల ఉమ్మడి కేసుగా నడవనిచ్చింది. వాళ్ళ తరఫు నిపుణుడు లెక్క వేసి తేడా సుమారు 2 శాతమన్నాడు. రెండు శాతమేనా అంటారేమో. ఒక నెలలో కనబడదు, జీతం పెరిగినప్పుడల్లా, పింఛను లెక్క కట్టినప్పుడల్లా అది కూడా పెరుగుతూ పోతుంది. 2024 నవంబరులో తప్పు ఒప్పుకోకుండానే 4 కోట్ల 32 లక్షల డాలర్ల పైచిలుకుకు కంపెనీ రాజీపడింది.

ఈ కేసు పడిన ఏడాదే, ఒక స్త్రీ ప్రధాన పాత్రగా మార్వెల్ వాళ్ళ మొదటి సినిమా 'కెప్టెన్ మార్వెల్' వచ్చి 100 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆడవాళ్ళు, నల్లజాతివాళ్ళు నాయకులైన సినిమాలు ఆడవని అడ్డుపడినవాళ్ళను తానే పక్కకు తప్పించానని ఐగర్ తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మెప్పు ఆయనకు ఇవ్వాల్సిందే. అయితే తెరమీది స్త్రీ విషయంలో ఒక్క ఫోనుతో తేలిన పని, లెడ్జరులో ఉన్న స్త్రీ విషయంలో అయిదున్నరేళ్ళు కోర్టులో నడిచింది. 2017లో యానిమేషన్ విభాగం పెద్ద జాన్ లాసెటర్, ఇష్టంలేని కౌగిలింతలతో ఇబ్బంది పెట్టినందుకు సిబ్బందికి క్షమాపణ చెప్పి సెలవు మీద వెళ్ళాడు. ఆయనను కూడా 2018 ఆఖరుదాకా సలహాదారుగా ఉంచి మరీ మర్యాదగా సాగనంపారు.

ఇంకా కిందికి దిగితే మన పొరుగు దేశం వస్తుంది. 2012 నవంబరులో బంగ్లాదేశ్‌లో తజ్రీన్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి కనీసం 112 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ బూడిదలో డిస్నీ బొమ్మలున్న దుస్తులు దొరికాయి. 2013 మార్చిలో డిస్నీ ఏంచేసిందంటే, తన సరుకు అక్కడ తయారు చెయ్యొద్దని ఆదేశించింది, ఏడాది గడువిచ్చి. మరుసటి నెలలోనే రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు. పైనుంచి చూస్తే అది విలువల కోసం తీసుకున్న నిర్ణయం. కానీ ఆ మిషన్ల ముందు కూర్చునే ఆడపిల్లలకు కావలసింది కంపెనీ వెళ్ళిపోవడం కాదు, ఉండి మెట్లు, తలుపులు బాగుచేయించడం. అదే 2013లో అగ్నిభద్రత కోసం యూనియన్లతో ఒప్పందం మీద సంతకాలు పెట్టి అక్కడే ఉండిపోయిన కంపెనీలు చాలా ఉన్నాయి. పేరు చెడకుండా తప్పుకోవడాన్నీ, బాధ్యత తీసుకోవడాన్నీ ఒకే మాటతో పిలవలేం.

మన ఇళ్ళకు తగిలే సంగతులు రెండున్నాయి. మొదటిది ఆర్లాండోది. 2014 ఆఖర్లో డిస్నీ అక్కడి కంప్యూటర్ విభాగంలో సుమారు 250 మందికి ఉద్యోగాలు పోతున్నాయని చెప్పింది. పోయేలోగా తమ స్థానంలోకి వచ్చేవాళ్ళకు పని నేర్పించాలంది. వచ్చినవాళ్ళలో చాలామంది మన దేశం నుంచి హెచ్-1బి వీసా మీద వెళ్ళినవాళ్ళు. మన తెలుగు ఇళ్ళ నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు ఎంతోమంది ఆ వీసా మీదే ఉన్నారు కాబట్టి ఈ కథలో మనది ఏ పక్షమని వెంటనే చెప్పడం కష్టం. పోయినవాళ్ళు కోర్టుకెళ్ళి 2016లో ఓడిపోయారు. వచ్చినవాళ్ళు కూడా యజమాని సంతకం లేనిదే ఆ దేశంలో నిలవలేనివాళ్ళే. వాళ్ళ వెంట వెళ్ళిన భార్యలకు 2015 మే దాకా పనిచేసే హక్కే లేదు, తర్వాత కూడా కొందరికే వచ్చింది. ఒకరి కడుపు మీద ఇంకొకరి చేత కొట్టించే ఏర్పాటు ఇది. ఏర్పాటు చేసినవాళ్ళు మాత్రం ఆ గదిలో కనబడరు.

రెండోది మన టీవీ. ఫాక్స్‌తో పాటు స్టార్ ఇండియా, దానితో పాటు 2015లో స్టార్ కొనుక్కున్న మా టీవీ 2019లో డిస్నీ చేతికొచ్చాయి. అంటే కొన్నేళ్ళు మన అత్తాకోడళ్ళ సీరియళ్ళకు ఆఖరి యజమాని ఐగరే. కోడలు ఎంత అణిగి ఉంటే అంత మంచిదని రోజూ సాయంత్రం మనకు చెప్పిన ఆ కథల గురించి ఆయన పుస్తకంలో ఒక్క మాటైనా ఉంటుందేమోనని వెతికాను, సరదాకే అనుకోండి. లేదు. 2024 నవంబరులో ఆ వ్యాపారం రిలయన్స్ ఆధీనంలోకి పోయింది, డిస్నీకి సుమారు 37 శాతం వాటా మిగిలింది.

మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. పైన ఆడవాళ్ళుంటే వేరుగా ఉండేదా? 2020 ఫిబ్రవరిలో ఐగర్ అధిపతి పదవిని బాబ్ చాపెక్‌కు అప్పగించాడు, తాను 2021 ఆఖరుదాకా పై కుర్చీలోనే ఉన్నాడు. కోవిడ్ వచ్చింది. లక్ష మందికి పైగా పనివాళ్ళను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపారు. ఆ సెప్టెంబరులో 28,000 ఉద్యోగాలు తీసేస్తున్నామన్నారు. అందులో మూడింట రెండొంతులు పార్ట్‌టైము వాళ్ళు. ఐగర్ వెళ్ళాక బోర్డు అధ్యక్షురాలిగా సుజన్ ఆర్నాల్డ్ వచ్చింది, ఆ కంపెనీ చరిత్రలో ఆ స్థానంలో మొదటి స్త్రీ. ఆమె బోర్డు 2022 జూన్‌లో చాపెక్ కాంట్రాక్టు పొడిగించి, నవంబరులో ఆయన్ను తీసేసి ఐగర్‌ను వెనక్కి పిలిచింది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళ జీతాల కేసూ నడుస్తూనే ఉంది, అనాహైమ్ కేసూ నడుస్తూనే ఉంది. బోర్డుల్లో స్త్రీలు వద్దని అనడం లేదు. అక్కడ కూర్చున్న స్త్రీ ఎవరికి జవాబు చెప్పుకోవాలన్నది మారకుండా, కుర్చీలో మనిషి మాత్రమే మారితే ఏమవుతుందో చెప్తున్నాను.

తిరిగొచ్చిన ఐగర్ 2023 ఫిబ్రవరిలో 550 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిస్తానన్నాడు, 7,000 ఉద్యోగాలు పోతాయన్నాడు. ఆ జూలైలో సినిమా రచయితలు సమ్మెలో ఉన్నారు, నటీనటులు దిగబోతున్నారు. కోటీశ్వరులు ఏటా కలుసుకునే ఒక విడిదిలో కూర్చుని, వాళ్ళ కోరికలు వాస్తవానికి దూరంగా ఉన్నాయని టీవీలో చెప్పాడు. అంతకు ఒక్కరోజు ముందే ఆయన కాంట్రాక్టును 2026 దాకా పొడిగించారు.

ఇప్పుడు ఆ కార్యకర్త అడిగిన ప్రశ్నకు వస్తాను. పనిచేసేవాళ్ళు ఏమంటారు? వాళ్ళు ఒక జవాబు రాసిపెట్టారు. 2024 మేలో డిస్నీలాండ్‌లో మిక్కీ, రాజకుమార్తెల వేషాలు వేసేవాళ్ళు, ఊరేగింపుల్లో ఆడేవాళ్ళు, సుమారు 1,700 మంది ఉన్న విభాగం, మాకు యూనియన్ కావాలా వద్దా అని ఓటేశారు. కావాలని 953, వద్దని 258. రెండు నెలల తర్వాత ఆ రిసార్టులోని మరో 14,000 మంది సమ్మెకు సిద్ధపడి ఓటేస్తే, సమ్మె మొదలుకాకుండానే గంటకు 24 డాలర్ల మూల వేతనం ఒప్పందమైంది. 2018లో ఇల్లు లేక కారులో పడుకున్నవాళ్ళున్న అదే అనాహైమ్‌లో.

ఆ కార్యకర్తకు ఫోను చేసి ఈ అంకెలు చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "బాగుంది మేడమ్. మరి మన సంస్థల్లో ఎన్ని రెట్లు?" అంది.

డైరెక్టరు జీతానికీ, ఊళ్ళు తిరిగే కార్యకర్త గౌరవ వేతనానికీ మధ్య తేడా ఎంతో మనం ఏ నివేదికలోనూ రాయం. రాయమని మనల్ని అడిగే చట్టం లేదు. 'ఇది ఉద్యోగం కాదు, సేవ' అంటాం. చిరునవ్వు చెరగకుండా పనిచెయ్యాలని మనమూ ఆశిస్తాం. మూడేళ్ళుగా ప్రయాణ ఖర్చులు పెరగలేదని చెప్పిన అమ్మాయికి నిబద్ధత తగ్గిందని మనమే పేరు పెడతాం. నేను సలహాదారుగా ఉన్న ఒక చోట ఇది నా కళ్ళ ముందే జరిగింది, నేను మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గుంపులుగా కూర్చున్నప్పుడు ఈ లెక్క వేద్దామని నిర్వాహకులను అడిగాను, సరేనన్నారు. నా జీతం కాగితం నేను తెచ్చాను. మిగతావాళ్ళు ఫోనులో చూసి చెప్పినా చాలు.